ఇంటిబండి యిరుసున నూనెచెమ్మ

బిందె క్రింద తడి కనబడినచో మనలో నే యిల్లాలును ఊరకుండదు. దానిని వెలుతురునకు పట్టి చూచి, చిల్లి యెచ్చట నున్నదో కనుగొని, మాటు వేయించువరకు మనసు కుదుటపడదు. కాని వాకిట నిలిచిన మోటారుబండి చక్రము వెనుక నూనెచెమ్మ కనబడినప్పుడు మాత్రము, అది మగవారు చూచుకొనవలసిన పని యని తలచి, పిడికెడు ఇసుక చల్లి యూడ్చి లోపలికి వచ్చుచున్నాము. మేమును అట్లే చేసితిమి. ఆ యలక్ష్యమునకు మేము చెల్లించిన వెలయు, పిదప మా చేతులతో మేము నేర్చుకొన్న పనియు సోదరీమణులకు తెలియజేయుట యుక్తమని తోచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మాయింటి బండి మారుతి ఓమ్ని వ్యాను. ఈ జాతి బండ్లు 1984వ సంవత్సరమున మొదట వెలువడి, 1988 నుండి ఓమ్ని యను పేరున, 2019 వరకు తయారైనవి. పిల్లల బడి, అంగడి, పెండ్లిండ్లు, తీర్థములు అన్నియు దానిమీదనే. 2015లో వానలకు ముందు, అడుగున తుప్పు పట్టకుండుటకై యొక పనివానిచేత నల్లని పూత పూయించితిమి. ఆ చలికాలమందే కుడి వెనుక చక్రము లోపలిప్రక్క నూనె కారసాగెను. మరమ్మతు చేయు నాతడు, "సీలు పాడైనదమ్మా, క్రొత్తది వేసితిని, ఇంక భయము లేదు" అనెను. వేసవి రాకముందే మరల కారెను. మరల క్రొత్త సీలు వేసెను. మా అత్తగారు పుట్టింట ఎద్దుబండ్ల నడుమ పెరిగినవారు. ఆమె అరుగుమీదనుండి ఆ మరకను చూచి, "ఎద్దుబండికి కందెన కరవైనచో ఇరుసు కిఱ్ఱుమని మొఱపెట్టును. మీ బండి నోరెత్తదు కాబోలునే!" అనిరి. మేము నవ్వి యూరకుంటిమి.

2016 శ్రావణమున అన్నవరము వెళ్లి స్వామిని సేవించి, కొండ దిగుచుండగా వాన పట్టెను. మలుపు వద్ద బ్రేకు తొక్కగానే బండి యెడమకు ఈడ్చెను. వెనుక కూర్చున్న పిల్లలు ఒకరిపై నొకరు పడిరి. దైవకృప వలన ఎదుట బండి యేదియు లేదు. కొండ దిగునంతవరకు చిన్న గేరులో మెల్లమెల్లగా వచ్చి, క్రింద నొక చెట్టునీడ నాపి చూచితిమి గదా, కుడి చక్రము లోపలి ముఖమంతయు నూనెతో నల్లగా తడిసి యుండెను.

ఇరుసున కారిన నూనెకు బ్రేకుతో నేమి సంబంధమని మీరడుగవచ్చును. మేము కూడ ఆనాటివరకు ఎరుగము. ఈ వ్యానులో ఇంజను ముందు ఆసనముల క్రింద నుండును. దాని బలము పొడుగైన కడ్డీమీదుగా వెనుకకు వచ్చి, వెనుక చక్రముల నడుమ నున్న గుండ్రని పెట్టెలోని పండ్లచక్రములను త్రిప్పును. ఆ పెట్టెను డిఫరెన్షియల్ అందురు. దానినిండ చిక్కని గేరాయిలు ఉండును. పెట్టెనుండి కుడియెడమలకు రెండు ఉక్కు గొట్టములును, గొట్టముల నడుమ చక్రములను త్రిప్పు నిరుసుకడ్డీలును సాగును. గొట్టము చివర, చక్రము దగ్గర, నూనె వెలికి రాకుండ కాపాడునదే ఆయిల్ సీలు. అది అరచేతిలో నిముడు ఉక్కుకట్టు. లోపలి యంచున మెత్తని రబ్బరు పెదవి, పెదవిని కడ్డీకి అదిమి పట్టుటకు సన్నని చుట్టస్ప్రింగు ఉండును. తొలినాటి బండ్లలో నీ పనికి తోలును, ఒత్తిన ఉన్నియు వాడిరి. నేడు నూనెకు చెడని నైట్రైలు రబ్బరు వాడుచున్నారు. ఈ పెదవి దాటిన నూనె పోవు తావు బ్రేకుడ్రమ్మే. డ్రమ్ములోని బ్రేకుషూలకు నూనె అంటినచో పట్టు జారును. ఒకవైపు చక్రము పట్టి, మఱియొకవైపు జారినప్పుడు బండి పట్టినవైపునకు లాగుట సహజము. నేలమీది చిన్న మరకను చూచి ఉపేక్షించుచున్న మేము, పిల్లలను కూర్చుండబెట్టుకొని సగము బ్రేకుతో తిరుగుచుంటిమన్నమాట.

మోటారు మరమ్మతు స్త్రీల కేలయని యడుగువా రింకను ఉన్నారు. వారికొక సంగతి చెప్పెదము. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె, తన భర్త నిర్మించిన మూడుచక్రముల మోటారుబండిని, ఇద్దరు కుమారులతో కూడి, మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా నడిపించెను. ఇంధనము వచ్చు సన్నని గొట్టము పూడుకొనిపోగా టోపీసూదితో పొడిచి శుభ్రపరచెను. పల్లములలో కొయ్య బ్రేకులు అరిగిపోగా, దారిలో నొక చెప్పులు కుట్టువానిచేత వానిపై తోలు కొట్టించెను. మోటారుబండితో మొదటి దూరప్రయాణమును, బ్రేకునకు తోలుపొరయు ఒక గృహిణి వలననే కలిగినవి. మనము ఒక సీలును గూర్చి తెలిసికొనుట యేపాటి సాహసము?

ఇంటికి వచ్చినపిమ్మట మేము మొదట చేసిన పని, కారినది ఏ ద్రవమో తేల్చుకొనుట. చక్రము వెనుక రెండు ద్రవములు కారవచ్చును. ఒకటి గేరాయిలు. అది చిక్కగా, ముక్కునకు ఘాటుగా, గంధకపు వాసనతో నుండును. రెండవది బ్రేకాయిలు. అది పలుచగా, లేత తేనెరంగున, వ్రేళ్లకు జారుడుగా నుండి రంగుపూతను తినివేయును. సందేహమున్నచో పాత గాజుసీసాలో నీరు పోసి, అందు ఒక చుక్క వేయవలెను. సాధారణపు బ్రేకాయిలు నీటిలో కలిసిపోవును. గేరాయిలు పైన తేలి నిలుచును. బ్రేకాయిలైనచో లోపము సీలుది కాదు, బ్రేకు సిలిండరుది. అట్టి బండిని మరమ్మతు వానియొద్దకైనను నడిపి తీసికొనిపోరాదు, వానినే పిలిపింపవలెను. పరీక్ష ముగిసిన పిదప ఆ సీసాను పిల్లల కందకుండ పారవేయుట మరువరాదు, బ్రేకాయిలు విషము. మా సీసాలో చుక్క నీటిపై నల్లని నాణెమువలె తేలెను.

రెండు క్రొత్త సీళ్లు ఆరు నెలలైన నిలువకపోవుట యేమి? ఈ ప్రశ్నను ఆ మరమ్మతు చేయు నాతడు తనను తా నడుగలేదు, మేమును అతని నడుగలేదు. మా తప్పంతయు నిచ్చటనే కలదు. సమాధానము మా వంటయింటనే యుండెను. కుక్కరు రబ్బరు క్రొత్తదైనను, పైన వెయిటు పెట్టు గొట్టము పప్పుతో పూడుకొన్నచో ఆవిరి యేమి చేయును? రబ్బరు ప్రక్కనుండి బుసకొట్టును. ఇరుసుపెట్టెకును అట్టి ఊపిరిరంధ్ర మొకటి యున్నది, బ్రీదరు అందురు. బండి నడచునప్పుడు లోపలి నూనెయు గాలియు వేడెక్కి వ్యాకోచించును. ఆ గాలి బ్రీదరుగుండ వెలికి పోవలెను. దారి మూసికొన్నచో, గాలి తనతోకూడ నూనెను సీలు పెదవి క్రిందుగా నెట్టును. ఎన్ని సీళ్లు మార్చినను ఫలముండదు.

మేము చాప పఱచుకొని బండి క్రింద దీపము పెట్టి చూడగా, ఇరుసుగొట్టముపై చిటికెనవ్రేలి కొనంత యున్న ఆ బ్రీదరు పూర్తిగా నల్లని పూత క్రింద కప్పబడి యుండెను. తుప్పు పట్టకుండ మేము పూయించిన పూతయే! పూసినవానికి అది యేమిటో తెలియదు. తెలిసినవానికి అటు చూడవలెనని తోచలేదు.

ఆదివారము ఉదయము, మాయింటివారును మేమును కలిసి పని ప్రారంభించితిమి. ఆయన చేతులు, మా కన్నులు అని చెప్పవచ్చును. గాని సగము పని మా చేతులతోనే జరిగినది. గాజులు తీసి, జుట్టు ముడిచి, కొంగు గట్టిగా దోపుకొన్నాము. ఇది అలంకారమునకై చెప్పుట కాదు. త్రిప్పెడి చక్రము కొంగునకు భయపడదు.

అన్నిటికంటె జాకీ విషయమునే విస్తరించి చెప్పవలసియున్నది. సీలు కారి చచ్చినవా రరుదు, జాకీ జారి చచ్చినవారు కలరు. నేల గట్టిదియు సమమైనదియు కావలెను. డ్రమ్ము ఊడదీయవలెనన్న హ్యాండుబ్రేకు వదలవలెను. అది వెనుక చక్రములనే పట్టునది. ఒక వెనుక చక్రము గాలిలోనున్నప్పుడు గేరు వేసి యుంచినను బండిని ఆపలేదు. డిఫరెన్షియల్ స్వభావమే యట్టిది. కావున బండిని నిలుపునవి ముందు చక్రములకు ముందువెనుకల పెట్టిన కొయ్యచీలికలే. నట్లను చక్రము నేలమీద నుండగానే కొంచెము వదులు చేసి, పిమ్మట పైకెత్తి, ఇరుసుగొట్టము క్రింద ఇనుప స్టాండును పెట్టి, దానిపైకి బరువు దించితిమి. ఇటుకలు పేర్చుట మనయిండ్ల అలవాటు. ఇటుక చెప్పకుండ పగులును. దానిని ఎన్నటికిని నమ్మరాదు. చివరకు స్టెప్నీ చక్రమును కూడ బండి అంచు క్రిందికి తోసి యుంచితిమి. ఒకటి తప్పినచో మఱియొకటి. పిల్లలను మా అత్తగారితో అరుగుమీద కూర్చుండబెట్టితిమి. ఆమె వారిని కదలనిచ్చినది లేదు.

నూనె తీయుటలో నొక చిన్న యుక్తి కలదు. క్రింది బిరడాను విప్పుటకు ముందు నింపెడి పైబిరడా ఊడివచ్చునో లేదో చూచుకొనవలెను. ఉన్న నూనె కార్చివేసి, పైబిరడా రాక కూర్చున్నవారి కథలు చాల వింటిమి. మాది కొంత మొండికేసి వచ్చెను. పాత నూనె బేసినులో పట్టితిమి.

డ్రమ్ము తుప్పుతో పట్టుకొనియుండెను. దానిపై మరలుగల రెండు రంధ్రము లుండును. వానిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు ఎక్కించి, ఇటొక చుట్టు అటొక చుట్టు బిగించుచు రాగా డ్రమ్ము దానంతట నది వెలికి వచ్చెను. లోపలి ధూళిని నోటితో ఊదరాదు. పాత బ్రేకుషూలలో ఆస్బెస్టాసు వాడుట కలదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో అద్ది తీసి, గుడ్డను సంచిలో మూటగట్టితిమి. షూలు నూనెలో నానిన అప్పడములవలె నుండెను. వానిని పెట్రోలుతో కడిగి మంటపై కాల్చి మరల వేయువారున్నారు. మాకది సమ్మతము కాదు. లోపల ఇంకిన నూనె వేడికి మరల పైకి వచ్చును. అందువలన క్రొత్త షూలు కొంటిమి, అవియు రెండు చక్రములకును; ఒకవైపు క్రొత్తవి ఒకవైపు పాతవి యైనచో లాగుడు తప్పదు.

ఈ నమూనాలో ఇరుసుకడ్డీ, బేరింగు, షూలను మోయు వెనుకరేకు కలిసి వెలికి వచ్చును. కావున బ్రేకాయిలు గొట్టమును, హ్యాండుబ్రేకు తీగను విడదీసి, గొట్టపు నోటికి రబ్బరుమూత తొడిగి, రేకు నట్లు నాలుగును విప్పితిమి. కడ్డీ మాత్రము చేతితో రాదు. జారెడు బరువుగల లాగుడు పనిముట్టు నొకదానిని తెలిసినవారి యొద్ద ఎరువు తెచ్చితిమి. నాలుగు దెబ్బలకు కడ్డీ కదలెను. బలముతో పొడిచి తీయ ప్రయత్నించిన బేరింగు చెడును.

కడ్డీ చేతికి వచ్చినపుడు చూడవలసినవి రెండు. బేరింగును వ్రేలితో త్రిప్పగా ఇసుక నలిగినట్లు ధ్వనించినను, ఊగినను అది మార్చవలసినదే. అప్పుడు దానిని పట్టియుంచు ఉక్కుకట్టును సాన పట్టి చీల్చి, క్రొత్తదానిని యంత్రముతో నొత్తవలెను. ఆ పని యింట కాదు. ఆ కట్టే చక్రమును బండికి పట్టియుంచునది. అందు ప్రయోగములు కూడవు. మా బేరింగు నిశ్శబ్దముగా తిరిగెను. రెండవది, సీలు పెదవి రాయు మెఱుగుపట్టు. దానిపై గోరు అడ్డముగా నడిపి చూడవలెను. గోటికి గాడి తగిలినచో క్రొత్త సీలుకూడ కారును. పలుచని ఉక్కుతొడుగు వేయించుటయో, కడ్డీనే మార్చుటయో చేయవలెను. మా గోటికి ఏమియు తగులలేదు. కావున నేరమంతయు బ్రీదరుదే యని స్థిరపడెను.

సీలు మార్చుట నిజమునకు పది నిమిషముల పని. పాతదానిని తీయునపుడు ఉలిమొన గొట్టము లోపలి గోడను గీయకుండ జాగ్రత్తపడితిమి. చోటును గుడ్డతో తుడిచి, క్రొత్త సీలు పెదవికి గేరాయిలు రాచి, స్ప్రింగు కనబడు ముఖము లోపలికి, అనగా నూనె నున్న వైపునకు, ఉండునట్లు పెట్టి, చదునైన కొయ్యముక్క అడ్డుపెట్టి నలుదెసల సమానముగా తట్టితిమి. ఒకవైపు ముందుగా దిగినచో ఉక్కుకట్టు వంగును. పొడిపెదవితో వేసిన సీలు మొదటి మైలులోనే కాలును. కడ్డీని మరల దూర్చునపుడే మా గుండెలు కొట్టుకొన్నవి. దాని కొనయందలి పండ్లు కత్తివలె నుండును. అవి పెదవిపై రాచినచో పని మొదటికి వచ్చును. ఆయన బరువు మోయుచుండగా, మేము లోపలికి దీపము పట్టి, "కొంచెము పైకండీ, ఇంక కొంచెము, ఇప్పుడు తిన్నగా" అనుచు దారి చూపితిమి. పండ్లు కుదిరిన చప్పుడు వినబడిన తరువాతగాని ఊపిరి తీసికొనలేదు.

డ్రమ్మును కిరసనాయిలుతో కడుగబోయిన మమ్ము ఆయన ఆపిరి. కిరసనాయిలు ఆరినను సన్నని జిడ్డుపొర మిగులును. సబ్బు వేసిన వేడినీటితో రెండుసార్లు కడిగి ఎండలో ఆరబెట్టితిమి. బ్రీదరుపై పూతను గోటితోను, సూదితోను ఒలిచి, మూత చేతికి వదులుగా తిరుగువరకు విడువలేదు. బెర్తా బెంజ్ టోపీసూది మాకప్పుడు జ్ఞాపకము వచ్చెను. బండిని సమతలమున దించి, పుస్తకమున చెప్పిన జాతి గేరాయిలును పైబిరడా అంచున పొర్లువరకు పోసితిమి. అంతకంటె ఎక్కువ పోయుటకూడ సీలునకు శత్రువే.

బ్రేకుగొట్టము విప్పినందున లోపల గాలి చేరియుండును. దానిని తీయక బండి కదల్పరాదు. మేము ఆసనమున కూర్చుండి పెడలు తొక్కుచు, "పట్టితినండి" అనుట. ఆయన క్రింద మర సడలించి గాలిబుడగలు పోనిచ్చి మరల బిగించి, "వదలుము" అనుట. పెడలు మెత్తదనము పోయి గట్టిపడువరకు ఇట్లు సాగెను. మొదట వాకిటిలోనే నడక వేగమున నాలుగుసార్లు ఆపి చూచి, పిమ్మట జనములేని దారిలో వేగము పెంచి చూచితిమి. బండి తిన్నగా నిలిచెను. ఇవి తెలియనివారు ఈ చివరి పనిని తెలిసినవాని ఎదుట చేయుట మేలు. బ్రేకు విషయమున అభిమానము పనికిరాదు.

బేసినులోని పాతనూనెను ద్వారబంధములకు చెదలు పట్టకుండ పూయుదమని మా అత్తగారు అడిగిరి. పిల్లల చేతులు తగులు చోట అది తగదని చెప్పి, డబ్బాలో మూతబెట్టి, పాతనూనె సేకరించు దుకాణమున కిచ్చితిమి. ఆమె కొంత అలిగిరి. కాలువలో పోసినను, కొబ్బరిచెట్టు మొదట పోసినను నీటికి చెరుపు కదా.

ఆ పని జరిగిన మఱునాటినుండి వారము దినములు చక్రము వెనుక పాత అట్టముక్క నొకటి పఱచి, ఉదయముననే తీసి చూచుచుంటిమి. పొడిగానే యుండెను. ఇప్పటికిని వానకాలమునకు ముందొకసారి, తరువాత నొకసారి, దీపము పట్టుకొని బండి క్రిందికి దూరి ఆ చిన్న మూతను వ్రేలితో త్రిప్పి చూచుట మాకు అలవాటైనది. గతసంవత్సరము తుప్పుపూత మరల పూయించితిమి. ఈసారి పూయుటకు ముందు మేమే వెళ్లి, ఆ మూతకు గుడ్డపేలిక చుట్టి, దారముతో కట్టి వచ్చితిమి.